కంద కాదు, పెండలం: ఆఫ్రికా నవలలు చదవబోయేవాళ్ళకి

ఆఫ్రికా నవల అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది 'ఏడు తరాలు'. సహవాసి దాన్ని అంత చక్కగా తెలుగు చేశారు మరి. కానీ మూలం రాసిన అలెక్స్ హేలీ అమెరికన్. అందులో మూలపురుషుడు కుంటా కింటే పుట్టింది గాంబియాలో జఫూరే అనే ఊళ్ళోనే అయినా, కథ చెప్పే గొంతు మాత్రం అమెరికాలో నిలబడి వెనక్కి తిరిగి చూస్తున్న మనిషిది. ఆఫ్రికాలో పుట్టి పెరిగినవాళ్ళు తమ ఊళ్ళ గురించి తాము రాసుకున్న పుస్తకాలు వేరే ఉన్నాయి. ఇక్కడ మాట్లాడుకునేది వాటి గురించి.

వాటి దగ్గరికి మనం వెళ్ళేది ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే. తప్పదు. చిక్కేమిటంటే, మన పెరట్లో ఉన్న వస్తువునే ఇంగ్లీషు తీసుకెళ్ళి ఎక్కడో అడవిలో పెట్టి చూపిస్తుంది. యామ్, పామ్ వైన్, కౌరీ, అంకుల్, కో-వైఫ్ అని చదివి 'ఎంత వింత లోకమో' అనుకుంటాం. నిజానికి వీటిలో చాలావాటికి తెలుగులో ఇంగ్లీషు కన్నా దగ్గరి మాట ఉంది. కొన్ని మాత్రం దగ్గరగా కనబడి మోసం చేస్తాయి. ఏది ఏదో తేల్చుకుంటే ఈ పుస్తకాలు సగం తేలికవుతాయి.

మొదలుపెట్టాల్సింది అందరూ చెప్పే పుస్తకంతోనే. నైజీరియా రచయిత చినువా అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్'. 1958లో లండన్‌లో హైన్‌మన్ సంస్థ మొదటి ముద్రణ రెండు వేల కాపీలు వేసింది. అప్పటికి అచెబెకి 27 ఏళ్ళు. తెలుగులో 'చెదిరిన సమాజం' పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు తెచ్చారు. ఇంగ్లీషులో చదివితే చిన్న పుస్తకమే, వాక్యాలు కూడా పొట్టివి. అయినా మధ్యలో వదిలేసేవాళ్ళు చాలామంది. ఎందుకంటే వెనక అట్ట మీద 'తెల్లవాళ్ళ రాకతో కూలిన సమాజం' అని ఉంటుంది. తెల్లవాళ్ళ కోసం ఎదురుచూస్తూ చదువుతారు. మొత్తం 25 అధ్యాయాలు, అందులో మొదటి భాగమే 13. ఆ 13 అధ్యాయాల్లో తెల్లవాడు ఒక జోకులో తప్ప కనబడడు. ఆ జోకు ఎనిమిదో అధ్యాయం చివర్లో వస్తుంది. సుద్దలా తెల్లగా ఉండే మనుషులు ఉన్నారట అంటే, అలాంటివాడు మన ఊళ్ళోనూ ఉన్నాడుగా అని ఒక కుష్ఠురోగి పేరు చెప్పి నవ్వుకుంటారు. ఆ ఊళ్ళో కుష్ఠుకి మర్యాద పేరు 'తెల్ల చర్మం'. మనం 'పెద్దరోగం' అన్నట్టు. ఈ సంగతి పట్టుకోకపోతే ఆ పేజీలో నవ్వు ఎందుకొచ్చిందో అర్థం కాదు.

కాబట్టి చదివేటప్పుడు ఒక పని చేయండి. మొదటి 13 అధ్యాయాలూ అసలు కథ అనుకుని చదవండి. తరవాతి 12 దాని పర్యవసానం. ముందుమాట ఉన్న ప్రతి అయితే దాన్ని చివరికి వదిలేయండి, దాదాపు అన్ని ముందుమాటలూ ముగింపు చెప్పేస్తాయి.

ఇక దుంప సంగతి. కథానాయకుడు ఒకోంక్వో బతుకంతా 'యామ్' చుట్టూ తిరుగుతుంది. దీన్ని కంద అనుకుంటే తప్పు, చిలగడదుంప అనుకుంటే ఇంకా తప్పు. కంద వేరే జాతి, దానికి తీగే లేదు. చిలగడదుంపని యామ్ అనడం అమెరికావాళ్ళ అలవాటు. అచెబె చెప్పేది మన పెండలానికి తోబుట్టువు. నాలుగో అధ్యాయంలో సేద్యం అంతా వరసగా ఉంది చూడండి: మట్టి తిప్పలు పోసి నాటడం, లేత తీగలకి నేల వేడి తగలకుండా చుట్టూ కిత్తనార ఆకులు పరవడం, ముందు చిన్న పుల్లలు, వానలు ముదిరాక పెద్ద కొమ్మలు ఊతంగా పాతడం, ఆడవాళ్ళు మూడు విడతలు కలుపు తీయడం. ఇది తీగజాతి పెండలానికే కుదిరే సేద్యం. పెండలం మగవాడి పంట. చేమదుంపలు, చిక్కుడు రకాలు, కర్రపెండలం ఆడవాళ్ళవి. అందుకే ఒకోంక్వో తన తండ్రిని చూసి ఎందుకంత సిగ్గుపడతాడో దుంపల కొట్టంలోకి చూస్తేనే తెలుస్తుంది. తండ్రికి అసలు కొట్టమే లేదు. కుర్రవాడు వెళ్ళి నువకిబీ అనే ఆసామి దగ్గర 800 విత్తనం దుంపలు తెచ్చుకుంటాడు. పండినదాంట్లో తనకి దక్కేది మూడో వంతు. పాలుకి చేసిన రైతుకి ఈ లెక్క విప్పి చెప్పక్కర్లేదు.

ఆ పెండలాన్ని ఉడికించి దంచితే ఫూఫూ. దీన్ని అన్నంలాగా ఊహించుకోవద్దు. రాయలసీమ సంకటి గుర్తు తెచ్చుకోండి. ముద్ద తీసి, పులుసులో ముంచి, నమలకుండా మింగుతారు. ఐదో అధ్యాయంలో కొత్త దుంపల పండగప్పుడు ఒక సరదా ముచ్చట వస్తుంది. ఒక కలవారింట్లో ఫూఫూ గుట్ట ఎంత ఎత్తు పోశారంటే, అవతల వైపు కూర్చున్న వియ్యాలవారి మనిషి సాయంత్రానికి గానీ ఇవతలి వాళ్ళకి కనబడలేదట. గుట్ట అనే మాట మనసులో ముద్దగా పడితేనే ఆ అతిశయోక్తి పండుతుంది.

'పామ్ ఆయిల్' దగ్గర మరో ఉచ్చు ఉంది. ఈ నవలలో అందరూ ఉదహరించే వాక్యం, సామెతలు అనే పామాయిల్‌తో మాటల్ని తింటారు అన్నది. తెలుగులో పామాయిల్ అనగానే రేషన్ షాపు ప్యాకెట్టు గుర్తొస్తుంది. రంగు, వాసన తీసేసిన నూనె. ఈ నవలలో మనుషులు ఇగ్బోలు. వాళ్ళ పామాయిల్ ఎర్రగా ఉంటుంది, చిక్కగా, గట్టి రుచితో. కాల్చిన దుంప దాంట్లో అద్దుకుంటే గానీ గొంతు దిగదు. మనకి పప్పన్నంలో నెయ్యి ఎలాగో అలాగ. ఇక్కడ అనువాదకుడి చెయ్యి దురద పెడుతుంది. మనకి 'ఆమెత లేని ఇల్లు, సామెత లేని మాట' ఉంది కదా, పెట్టేద్దామని. పెట్టకూడదు. పెడితే ఈ కథ జరిగే ఉమోఫియా కాస్తా తెనాలి పక్కకి వచ్చేస్తుంది. 'ఎర్రనూనె' అని వాక్యాన్ని అలాగే ఉంచడం నయం. అన్నట్టు ఆ చెట్టు మనకి కొత్తదేం కాదు. ఏలూరు జిల్లాలో, ఖమ్మం వైపు ఎకరాల కొద్దీ వేస్తున్న పామాయిల్ తోటల పుట్టిల్లు ఆ పశ్చిమాఫ్రికానే.

కల్లు కూడా ఎక్కువగా ఆ చెట్టు నుంచే దించుతారు. 'తాటికల్లు' అని రాస్తే చెట్టు మారిపోతుంది, ఈతకల్లు అన్నా అంతే. వట్టి 'కల్లు' చాలు. గుణం మాత్రం ఒకటే: పొద్దున తీపి, పొద్దెక్కేకొద్దీ పులుపు, మత్తు. దించినవాడు ముందు తను రుచి చూసి ఇవ్వడం, వయసు వరసలో తాగడం లాంటి మర్యాదలన్నీ నవలలో ఉన్నాయి. వాటిని దాటేసి చదివితే ఎవరు ఎవరిని చిన్నబుచ్చారో తెలియకుండా పోతుంది.

కోలా గింజ మాత్రం పోలికకి లొంగదు. తాంబూలంలా అతిథికి ఇచ్చేది నిజమే. కానీ వక్క కాదు. చేదుగా ఉంటుంది, కాఫీలో ఉండే కెఫీనే దీంట్లోనూ ఉంటుంది. దాన్ని ఎవరు విరవాలన్నది ఒక గౌరవం. మొదటి అధ్యాయంలోనే ఆతిథ్యం ఇచ్చే ఉనోకా (ఒకోంక్వో తండ్రి), తనకి రావాల్సిన అప్పు అడగడానికొచ్చిన ఒకోయే 'మీరు విరవండి, కాదు మీరే' అని కాసేపు మొహమాటపడతారు. ఆ తరవాత ఒకోయే సామెతల మీద సామెతలు చెప్పి 200 గవ్వల బాకీ సంగతి ఎత్తుతాడు. ఉనోకా పకపకా నవ్వి గోడ మీద సుద్దగీతల గుంపులు చూపిస్తాడు. ఒక్కో గీత వంద గవ్వలు. ముందు పెద్ద బాకీలు తీర్చుకోవాలి కదా అంటాడు. ఈ ఒక్క సన్నివేశంలో తండ్రి ఎలాంటివాడో, కొడుకు ఎందుకలా తయారయ్యాడో మొత్తం ఉంది.

ఆ గవ్వలే ఒకప్పుడు అక్కడి డబ్బు. మాల్దీవుల నుంచి హిందూ మహాసముద్రం మీదుగా ఓడల్లో పశ్చిమాఫ్రికా చేరేవి. 'చిల్లిగవ్వ లేదు' అని ఇప్పటికీ అనే మనకి గవ్వ డబ్బేమిటి అన్న సందేహం రాకూడదు. తమాషా ఏమిటంటే అక్కడ కొన్ని చోట్ల గవ్వలకి చిల్లి పెట్టి దండగా గుచ్చి లెక్కపెట్టేవాళ్ళు. మన దగ్గర విలువ లేనిదానికి గుర్తు, అక్కడ చలామణీకి వీలు.

తొమ్మిదో అధ్యాయం నిదానంగా చదవాలి. ఒకోంక్వో భార్యల్లో ఒకామె ఎక్వెఫికి పదిమంది పిల్లలు పుడితే తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. చచ్చి మళ్ళీ అదే కడుపున పుట్టే పిల్లని 'ఒగ్బాంజే' అంటారు. ఆమె పిల్లలకి పెట్టిన పేర్లు చూడండి. ఒకడు ఒన్వుంబికో: 'మృత్యువా, నిన్ను బతిమాలుకుంటున్నాను'. పదిహేనో నెలలో పోయాడు. తరవాత ఆడపిల్ల ఓజోఎమెనా: 'మళ్ళీ ఇలా జరక్కూడదు'. పదకొండో నెలలో పోయింది. ఇంకో ఇద్దరు పోయాక తల్లి మొండికెత్తి ఒన్వుమా అని పెట్టింది: 'చావు తన ఇష్టమొచ్చినట్టు చేసుకోనీ'. అదీ అలాగే చేసింది. ఇంగ్లీషు పాఠకుడికి ఇది మానవశాస్త్రం. మనకి పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య ఎలా పుట్టాయో తెలుసు. పుట్టిన బిడ్డ దక్కాలని పెంట మీద పడుకోబెట్టి తిరిగి తెచ్చుకున్న తల్లులు ఊరూరా ఉండేవాళ్ళు. తేడా ఒక్కటే. మన తల్లి బిడ్డని పనికిరాని వస్తువుగా చూపించి మృత్యువు కళ్ళు కప్పుతుంది. ఎక్వెఫి మృత్యువుతోనే నేరుగా మాట్లాడుతుంది. ముందు బతిమాలుకుంటూ, చివరికి తెగించి. నైజీరియాలోనే ఉండే యొరుబావాళ్ళు ఇలాంటి పిల్లనే 'అబికు' అంటారు. బెన్ ఓక్రీకి 1991లో బుకర్ తెచ్చిన 'ద ఫామిష్డ్ రోడ్'లో కథ చెప్పేది అలాంటి పిల్లవాడే. ఎక్వెఫిని చదివాక అది తీస్తే దారి తప్పరు.

పేర్లు గుర్తుండట్లేదు అన్న ఫిర్యాదు ఎప్పుడూ వినేదే. వాటిలో చాలా పేర్లకి అర్థం ఉందని తెలిస్తే గుర్తుంటాయి. ఇగ్బోల వారానికి నాలుగే రోజులు: ఎకె, ఒరియె, అఫొ, న్క్వొ. న్క్వొ నాడు పుట్టినవాడు ఒకోంక్వో, ఒరియె నాడు పుట్టినవాడు ఒకోయే. మన సోమయ్య, మంగమ్మల లెక్కే. ఘానాలో అకాన్ వాళ్ళకి ఏడు రోజుల వారం. శుక్రవారం మగపిల్లవాడు కోఫీ, శనివారం అయితే క్వామె, శనివారం ఆడపిల్ల అమా. రచయిత్రి అమా అటా ఐడూ పేరు చూడగానే ఏ రోజు పుట్టిందో చెప్పొచ్చు.

ఒక మాట దగ్గర మాత్రం తెలుగు చేసేవాళ్ళు బాగా జాగ్రత్త పడాలి. ఉమోఫియా తొమ్మిది ఊళ్ళ కూటమి. అచెబె దానికి వాడే ఇంగ్లీషు మాట 'క్లాన్'. దాన్ని మొదటి పేజీ నుంచీ 'తెగ' అని రాసుకుంటూ పోతే చివరి వాక్యం చచ్చిపోతుంది. చివర్లో జిల్లా కమిషనర్ తను రాయబోయే పుస్తకానికి పేరు ఆలోచిస్తాడు: దిగువ నైజర్ ప్రాంతపు ఆదిమ తెగల్ని శాంతింపజేయడం గురించి. మనం పాతిక అధ్యాయాలు ఎరిగిన మనిషి అతని పుస్తకంలో ఒక పేరా అవుతాడు. 'తెగ' అనే మాట మొదటిసారి ఆ తెల్ల అధికారి నోటి నుంచి వినబడితేనే చెంప పగిలినట్టుంటుంది. అంతకు ముందంతా 'తొమ్మిదూళ్ళ వాళ్ళు', 'మనవాళ్ళు' అనుకుంటూ రావాలి.

దీని తరవాత అచెబెలో ఏది? 1960లో వచ్చిన 'నో లాంగర్ ఎట్ ఈజ్' ఒకోంక్వో మనవడి కథ. ఊరి సంఘం 800 పౌండ్లు అప్పిచ్చి ఇంగ్లండులో చదివించిన కుర్రవాడు లాగోస్‌లో ప్రభుత్వోద్యోగంలో 20 పౌండ్ల లంచానికి దొరికిపోతాడు. ఇది మొదటి పేజీలోనే తెలుస్తుంది, మిగతాదంతా ఎలా అన్నదే. అతను ప్రేమించిన క్లారా 'ఒసు'. దేవుడికి అంకితం చేసిన వంశం కాబట్టి ఎవరూ పెళ్ళి సంబంధం కలుపుకోరు. అంటరానితనంతో పోల్చొచ్చు, దేవుడికిచ్చేయడంలో జోగిని పద్ధతీ గుర్తొస్తుంది, కానీ రెంటికీ పూర్తిగా సరిపోదు. అందుకని ఒసుని ఒసుగానే ఉంచాలి. 1964 నాటి 'యారో ఆఫ్ గాడ్' వీటన్నిటికన్నా గొప్ప నవల అని నా లెక్క. పూజారి ఎజెవులు నెలవంక కనబడ్డప్పుడల్లా పవిత్రమైన పెండలం ఒకటి కాల్చి తింటాడు, మొత్తం పన్నెండు. అవి అయిపోతేనే కొత్త దుంపల పండగ చాటింపు, అప్పుడే ఊరు పంట తవ్వాలి. బ్రిటిషువాళ్ళు ఇస్తానన్న పెత్తనం వద్దన్నందుకు అతన్ని నిర్బంధిస్తారు. ఆ రోజుల్లో తినాల్సిన దుంపలు మిగిలిపోతాయి. తిరిగొచ్చి, అవి ఒక్కో నెలకి ఒక్కటి చొప్పున తింటే గానీ పండగ లేదని కూర్చుంటాడు. పొలంలో పంట కుళ్ళుతుంటుంది. చర్చి వాళ్ళు మా దగ్గరికొచ్చి మొక్కుకుని తవ్వుకోండి అంటారు. మతం మారడానికి పంచాంగం చాలని ఇంత వివరంగా చూపించిన నవల ఇంకోటి లేదు. కొనేటప్పుడు 1974 తరవాతి ప్రతి చూసుకోండి, అచెబె ఆ ఏడు కొంత దిద్దారు.

ఇక్కణ్ణుంచి సెనెగల్‌కి. మరియామా బా 'సో లాంగ్ ఎ లెటర్'. ఫ్రెంచిలో 1979లో వచ్చింది, మరుసటి ఏడు, ఆఫ్రికాలో అచ్చయ్యే పుస్తకాలకిచ్చే నోమా బహుమతి మొట్టమొదట దీనికే. వంద పేజీలకి అటూఇటూ ఉంటుంది, ఒక ఆదివారం చాలు. భర్త పోయాక రమతులాయి ఇద్దత్‌లో, అంటే నాలుగు నెలల పది రోజులు ఇంట్లో ఉండిపోవాల్సిన గడువులో, స్నేహితురాలు ఐసతుకి రాసుకున్న ఉత్తరమే నవల. పన్నెండు మంది పిల్లల్ని కన్నాక భర్త మోదు ఎవరిని రెండో పెళ్ళి చేసుకున్నాడంటే, పెద్దకూతురు దాబా స్నేహితురాల్ని. ఇంగ్లీషులో 'కో-వైఫ్' అని చదువుతుంటే ఏదో ఆఫీసు హోదాలా ఉంటుంది. 'సవతి' అనుకుని చదవండి, ప్రతి పేజీ వేడెక్కుతుంది.

ఐసతు కథ మనకి మరీ దగ్గర. ఆమె కంసాలి పిల్ల. భర్త మౌదో డాక్టరు, అతని తల్లిది సీన్ అనే పాత రాజ్యాన్ని ఏలిన వంశం. కులం తక్కువ కోడలు వచ్చిందన్న కోపం అత్తగారిలో ఏళ్ళ తరబడి నిదానంగా కాగుతుంది. ఒకరోజు పుట్టింటికి వెళ్ళి, ఇంట్లో తోడుకి అని సోదరుణ్ణి అడిగి అతని కూతుర్ని తెచ్చుకుంటుంది. పెంచుతుంది, మంత్రసాని చదువు చెప్పిస్తుంది, ఆఖరికి కొడుక్కి కట్టబెడుతుంది. అంటే మేనమామ కూతురు, మేనరికం! ఇంగ్లీషులో 'కజిన్', 'నీస్' అని రాసినచోట ఎవరు ఎవరికి ఏమవుతారో కాయితం మీద తెలుగు వరసల్లో రాసుకోండి, అత్తగారి ఎత్తు ఎంత పక్కాగా వేసిందో అప్పుడు తెలుస్తుంది. ఐసతు ఒక ఉత్తరం రాసి పెట్టి నలుగురు కొడుకులతో బయటికి నడుస్తుంది. రమతులాయి ఉండిపోతుంది. ఎవరు చేసింది సరైనది అని రచయిత్రి తీర్పు చెప్పదు. తీర్పు కోసం వెతికేవాళ్ళకి ఈ నవల 'తేలిపోయినట్టు' అనిపిస్తుంది. ఇంటికొచ్చి గవ్వలేసి జోస్యం చెప్పే ఫర్మాతా 'గ్రియో' కులం మనిషి. వంశాలు పొగడటం, వరసలు గుర్తుపెట్టుకోవడం వాళ్ళ వృత్తి. మన భట్రాజులు, వంశరాజ్‌ల పక్కన నిలబెట్టి చూడొచ్చు.

వరసల మాట వచ్చింది కాబట్టి జింబాబ్వే. త్సిత్సి దంగరెంబ్గా 'నర్వస్ కండిషన్స్', 1988. 'నా తమ్ముడో అన్నో పోతే బాధపడాలి కదా' అని మనం అనుకునేలోపే మొదటి వాక్యంలో తంబు తన అన్న చచ్చిపోయినందుకు తనకి విచారం లేదని చెప్పేస్తుంది. ఎందుకో చెప్పడానికే మిగతా నవల. చదువుకి ఫీజు కోసం ఆ పిల్ల సొంతంగా మొక్కజొన్న వేస్తుంది, కండెల్ని అన్న దొంగిలించి స్నేహితులకి పంచుతాడు. ఇంగ్లీషులోనే రాసినా రచయిత్రి తన భాష షోనాలోని పిలుపుల్ని మార్చలేదు. 'బాబాముకురు' అంటే అక్షరాలా పెద్ద నాన్న, మన పెదనాన్నే. అతని భార్య 'మైగురు', పెద్దమ్మ. 'తెతె' మేనత్త, 'మైనినీ' పిన్ని. ఇంగ్లీషు పాఠకుడు అట్ట వెనక పట్టిక చూసుకుంటాడు. మనకి ఆ పని లేదు. పెదనాన్న ఇంట్లో పెట్టి చదివించడం, ఆ ఉపకారం బరువు, ఆయన ముందు తండ్రి చేతులు నలుపుకుంటూ నిలబడటం కొత్తగా నేర్చుకోవాల్సిన విషయాలు కావు. దీనికి ఇంకా రెండు భాగాలున్నాయి. 2018లో వచ్చిన మూడోది 'దిస్ మోర్నబుల్ బాడీ' మొత్తం 'నువ్వు' అంటూ నడుస్తుంది. మొదటిది చదవకుండా దాన్ని పట్టుకుంటే ఊపిరాడదు.

కెన్యా రచయిత గూగీ వా థియోంగో తెలుగువాళ్ళకి పరిచయమే. 'డెవిల్ ఆన్ ద క్రాస్'ని వరవరరావు జైల్లో ఉండగా 'మట్టికాళ్ళ మహారాక్షసి'గా తెచ్చారు. ఆయన జైలు ఉత్తరాల ఇంగ్లీషు పుస్తకానికి గూగీ ముందుమాట రాశారు. మూలం కూడా జైలు పుస్తకమే. కమిరీతు ఊళ్ళో రైతులు, కూలీలతో గికుయు భాషలో నాటకం వేయించినందుకు 1977 డిసెంబరు 31న గూగీని పట్టుకెళ్ళి ఏడాది పాటు కామితి జైల్లో పెట్టారు. విచారణ లేదు. అక్కడ ఇచ్చే టాయిలెట్ పేపర్ మీద నవల రాశారు. ఖైదీలకి ఇబ్బందిగా ఉండాలనే అంత గరుకు కాయితం ఇచ్చేవాళ్ళని, ఒంటికి పనికిరాకపోయినా కలానికి బాగా పనికొచ్చిందని ఆయనే రాశారు. ఒక సోదాలో కట్ట మొత్తం పోయింది, తరవాత అధికారి తిరిగిచ్చాడు. 1980లో గికుయులో అచ్చయ్యాక చదువొచ్చిన ఒకరు చుట్టూ కూర్చున్నవాళ్ళకి చదివి వినిపించేవాళ్ళు, ఇళ్ళల్లో, బస్సుల్లో, కల్లు దుకాణాల్లో. అందుకే ఈ నవల కంటితో గబగబా చదివితే సాగదీసినట్టుంటుంది. ఇలమొరోగ్ దొంగల పోటీలో ఒక్కొక్క దొంగా లేచి తన దోపిడీ గొప్ప చెప్పుకునే ఘట్టాలు బయటికి చదివి చూడండి. బుర్రకథలో వంతపాటకి ఎందుకు చోటుంటుందో, ఇక్కడ పునరుక్తికీ అందుకే చోటుంది.

గూగీలో ముందు చదవాల్సింది ఇది కాదనుకోండి. 1967 నాటి 'ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్' ముందు. కెన్యా స్వాతంత్ర్యానికి ముందు నాలుగు రోజులు, ఒక ఊరు, వీరుడని అందరూ అనుకుంటున్న ఒక మనిషి. కాలం ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది కాబట్టి ఎవరు ఏ శిబిరంలో ఎప్పుడున్నారో ఒక చీటీ మీద రాసుకోవాలి. పాత పుస్తకాల షాపుల్లో వెతికేవాళ్ళకి ఒక మాట: తొలి ముద్రణల మీద పేరు జేమ్స్ గుగి అని ఉంటుంది. ఆ క్రైస్తవ పేరు ఆయన తరవాత వదిలేశారు. 'వా థియోంగో' అంటే థియోంగో కొడుకు అని, అది ఇంటిపేరు కాదు. లైబ్రరీ కేటలాగులో 'టి' కింద వెతికి లేదనుకుని వచ్చేయకండి.

మిగతావి వేగంగా. నగీబ్ మహఫూజ్ కైరో నవలాత్రయం 1956-57లో అరబ్బీలో వచ్చింది, మూడింటి పేర్లూ కైరో వీధుల పేర్లే. 1917 నుంచి 1944 వరకు ఒకే కుటుంబం. వరస తప్పిస్తే దండగ. అమీనా అర్ధరాత్రి లేచి భర్త కోసం దీపం పట్టుకుని ఎదురుచూసే మొదటి ఘట్టం నచ్చకపోతే మిగతా వెయ్యికి పైగా పేజీలు మీకోసం కాదు, నచ్చితే ఆగలేరు. సూడాన్ రచయిత తయ్యిబ్ సాలిహ్ 'సీజన్ ఆఫ్ మైగ్రేషన్ టు ద నార్త్' చిన్నదే గాని రెండుసార్లు చదవాలి, కథ చెబుతున్నవాణ్ణి మొదటిసారి నమ్మేస్తాం. నైజీరియా రచయిత్రి అడీచీ 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్' అక్కడ జరిగిన బయాఫ్రా యుద్ధం మీద. నాలుగు భాగాలు, అరవైల మొదలు, అరవైల చివర, మళ్ళీ మొదలు, మళ్ళీ చివర. భాగం పేరు చూడకుండా పేజీ తిప్పేస్తే ఆ పసిపాప ఎవరన్నది కలగాపులగం అవుతుంది. 2021 నోబెల్ అందుకున్న గుర్నా 'పారడైజ్'లో పన్నెండేళ్ళ యూసుఫ్ తండ్రి అప్పు కింద వర్తకుడి దగ్గర 'రెహానీ' అవుతాడు. ఉర్దూ 'రహన్' ఎరిగిన హైదరాబాదీకి ఆ మాట వినగానే తాకట్టు అని తెలుస్తుంది. స్వాహిలీలో కొట్టుని 'దుకా' అంటారు, అది మన దుకాణమే. సోయింకా నాటకం 'డెత్ అండ్ ద కింగ్స్ హార్స్‌మన్' చదివేముందు ఆయన రాసిన చిన్న గమనిక తప్పకుండా చూడండి. దీన్ని రెండు సంస్కృతుల ఘర్షణ అని చెప్పొద్దని గట్టిగానే రాశారు. సమీక్షలు రాసేవాళ్ళు నలభై ఏళ్ళకు పైగా అదే చెబుతున్నారు.

ఆఖరికి ఆమోస్ టుటువోలా. 'ద పామ్-వైన్ డ్రింకర్డ్', 1952, అచెబె కన్నా ఆరేళ్ళు ముందు. లాగోస్‌లో ఒక ప్రభుత్వ శాఖలో మెసెంజర్‌గా పనిచేసే మనిషి తనకొచ్చిన ఇంగ్లీషులో, యొరుబా నడకలో రాసేశాడు. లండన్‌లో మెచ్చుకున్నారు, నైజీరియాలో చదువుకున్నవాళ్ళు ఈ ఇంగ్లీషు చూసి మన పరువు పోయిందన్నారు. కల్లు గీసేవాడు చెట్టు మీంచి పడి చచ్చిపోతే, తాగుబోతు కథానాయకుడు అతన్ని వెనక్కి తెచ్చుకోవడానికి చచ్చినవాళ్ళ ఊరికి బయల్దేరతాడు. దారిలో ఒక అందగాడు తగులుతాడు. వాడి కాళ్ళూ చేతులూ అన్నీ అద్దెవి. ఒక్కొక్కరికీ అద్దె కట్టి తిరిగిచ్చేస్తూ చివరికి పుర్రె ఒక్కటిగా మిగులుతాడు.

దీన్ని తెలుగు చేయాలనుకునేవాళ్ళు వ్యాకరణం సరిదిద్దకూడదు. ప్రామాణిక తెలుగులో పెట్టినా, తెచ్చిపెట్టుకున్న మాండలికంలో పెట్టినా పోతుంది. కొత్తగా రాయడం నేర్చుకున్న మనిషి ఆత్రంగా, ఊపిరి తీసుకోకుండా చెబుతున్నట్టు ఉండాలి. అంకెల్ని కూడా ముట్టుకోకూడదు. తండ్రి ఇచ్చిన తోటలో 'లక్షల చెట్లు' అని సర్దేస్తే అది జానపద కథ అయిపోతుంది. అతను ఆఫీసు రిజిస్టరులో ఎక్కించినట్టు లెక్క చెబుతాడు: చెట్లు ఐదు లక్షల అరవై వేలు. పొద్దున దించేది 150 పీపాలు, మధ్యాహ్నం రెండు కాకముందే అవి ఖాళీ. సాయంత్రం మళ్ళీ 75.